పులుపుకీ సున్నానికీ మధ్య



తెలుగువారి పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురి పాదాలకు దిద్దే పారాణిలో ఎర్రటి వస్తువేదీ ఉండదు. పసుపు, సున్నం, కాసిని నీళ్ళు, అంతే. మూడూ కలిపి మెదిపితే ఎర్రటి ముద్ద తయారవుతుంది. కొత్త దంపతులు గడప దాటేముందు దిష్టి తీసే ఎర్రనీళ్ళూ ఇలా తయారయ్యేవే. పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపు కలిపి, చిటికెడు సున్నం వేయగానే రంగు తిరిగిపోతుంది. ఇదే సంగతి చాకిరేవు దగ్గర కంగారు పెడుతుంది. తెల్లచొక్కా మీద పడ్డ సాంబారు మరకకు సబ్బు రుద్దితే మరక ఎర్రబడుతుంది. సబ్బు పోయేదాకా జాడిస్తే మళ్ళీ పసుపురంగుకే వస్తుంది. పారాణిలోనూ, పళ్ళెంలోనూ, చొక్కా మీదా జరిగింది ఒకటే. పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థానికి క్షారం తగిలింది.

ఆమ్లాలు, క్షారాలు, లవణాలు అనే పాఠం పదో తరగతి పుస్తకంలో ఉంటుంది. పరీక్ష రాసి మరిచిపోయేవారే ఎక్కువ. ఆ పాఠం మాత్రం వంటింట్లోనూ పొలంలోనూ ఒంట్లోనూ రోజూ నడుస్తూనే ఉంటుంది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ చేతులకు అందులో చాలా భాగం తెలుసు. కారణం కూడా తెలిస్తే ఆ తెలివి ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో విడివిడిగా కనబడుతుంది.

రంగు మారడాన్ని ఒక పరీక్షగా మలిచినవాడు రాబర్ట్ బాయిల్. రంగుల గురించి 1664లో ఆయన ప్రచురించిన పుస్తకంలో వయొలెట్ పూల పానకంతో చేసిన ప్రయోగాలు ఉన్నాయి. ఆ నీలిరంగు పానకంలో ఆమ్లం వేస్తే ఎర్రబడింది, క్షారం వేస్తే ఆకుపచ్చగా మారింది. అప్పటిదాకా పుల్లగా ఉందా, నోటికి కారంగా చేదుగా తగిలి వేళ్ళకు జారుతోందా అని చూసి తేల్చుకునేవారు. నాలుక చేసే పనిని బాయిల్ పువ్వుకు అప్పగించాడు. మన పెరళ్ళలో పూసే నీలి శంఖుపుష్పం ఆ పని చక్కగా చేస్తుంది. నాలుగు పూలు వేణ్ణీళ్ళలో వేస్తే నీలం దిగుతుంది. అందులో నిమ్మరసం పిండితే వంగపండు రంగుకు తిరుగుతుంది, వంటసోడా ఎక్కువగా వేస్తే ఆకుపచ్చ వైపు మళ్ళుతుంది. పసుపుకి ఈ రెండో చూపు లేదు. క్షారాన్ని పట్టిస్తుంది గానీ, నిమ్మరసం పిండినా అది పసుపుగానే ఉంటుంది. ఎర్రబడిన పసుపు మీద పిండితే మాత్రం తిరిగి పసుపురంగుకు తెస్తుంది.

రంగు ఎందుకు మారుతుందో చెప్పడానికి మరో రెండు శతాబ్దాలు దాటాయి. ఫ్రాన్స్‌లో లవోయిజే ఆమ్లాలన్నిటికీ పులుపునిచ్చేది ఆక్సిజన్ అని నమ్మాడు. ఆమ్లాన్ని పుట్టించేది అనే అర్థంలోనే ఆ వాయువుకు పేరు పెట్టాడు. అంతటి శాస్త్రవేత్త మాటను కాదనడానికి ధైర్యం కావాలి. 1810లో ఇంగ్లండ్‌లో హంఫ్రీ డేవీ, క్లోరిన్ ఒక మూలకమనీ, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ ఊసే లేదనీ వాదించాడు. అక్కడి నుంచి చూపు హైడ్రోజన్ వైపు తిరిగింది.

అసలు మలుపు 1884లో వచ్చింది. స్వీడన్‌లోని ఉప్సల విశ్వవిద్యాలయంలో పాతికేళ్ళ స్వాంటె అరేనియస్ ద్రావణాల విద్యుద్వాహకత మీద తన సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. ఉప్పులాంటివి నీళ్ళలో కరిగినప్పుడు విద్యుదావేశం ఉన్న ముక్కలుగా, అంటే అయాన్లుగా విడిపోతాయన్న భావన అక్కడి నుంచే ఎదిగింది. పరీక్షకులకు ఆ వ్యాసం నచ్చలేదు, తక్కువ శ్రేణి ఇచ్చి సరిపెట్టారు. 1903లో ఆ సిద్ధాంతానికే ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన లెక్క ప్రకారం నీళ్ళలో హైడ్రోజన్ అయాన్లు విడుదల చేసేది ఆమ్లం, హైడ్రాక్సైడ్ అయాన్లు విడుదల చేసేది క్షారం. రెండూ కలిస్తే ఆ అయాన్లు జతకూడి నీరవుతాయి, మిగిలినది లవణం. దీన్నే తటస్థీకరణం అంటారు. ఈ చర్యలో వేడి పుడుతుంది. ఈ వేడి సంగతి గుర్తుంచుకోవాలి, చివరలో దానితో పని ఉంది.

అరేనియస్ లెక్కకు లొంగనిది అమ్మోనియా. అందులో హైడ్రాక్సైడ్ లేదు, అయినా అది క్షారమే. 1923లో డెన్మార్క్‌లో బ్రాన్‌స్టెడ్, ఇంగ్లండ్‌లో లోరీ ఎవరికి వారుగా ఆ చిక్కు విప్పారు. హైడ్రోజన్ అయాను అంటే ఒంటరి ప్రోటాను. ఆ ప్రోటానును ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం. పారాణి గుట్టు కూడా ఇదే. సున్నం కర్క్యుమిన్ నుంచి ప్రోటానును లాగేసుకుంటుంది. దానితో ఆ అణువులో ఎలక్ట్రాన్ల అమరిక మారి, అది పీల్చుకునే వెలుగు మారి, కంటికి ఎరుపు కనిపిస్తుంది.

ప్రోటానును ఇవ్వడంలో అన్ని ఆమ్లాలదీ ఒకే తీరు కాదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం నీళ్ళలో పడగానే దాదాపు మొత్తం విడిపోతుంది. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లంలో నూటికి ఒక అణువు కూడా విడిపోదు. అందుకే ఒకటి నేల రాళ్ళను తింటుంది, రెండోది సలాడ్‌లోకి వస్తుంది. స్వచ్ఛమైన నీళ్ళలోనూ ఈ విడిపోవడం ఉంది గానీ, సుమారు 55 కోట్ల నీటి అణువుల్లో ఒక్కటి మాత్రమే ఆ స్థితిలో ఉంటుంది.

ఇంత చిన్న సంఖ్యలు రాయాలంటే సున్నాల వరుస పెట్టాలి. ఆ బాధ తప్పించినవాడు సోరెన్ సోరెన్‌సెన్. కోపెన్‌హేగన్‌లో కార్ల్స్‌బెర్గ్ బీరు కంపెనీ స్థాపించిన పరిశోధనశాలలో ఆయన ఎంజైముల మీద పనిచేసేవాడు. ఎంజైముల పని హైడ్రోజన్ అయాన్ల గాఢత మీద ఆధారపడుతుందని గమనించి, ఆ గాఢతను చిన్న అంకెల్లో చెప్పే పీహెచ్ కొలమానాన్ని 1909లో ప్రతిపాదించాడు. స్వచ్ఛమైన నీటికి 7. అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు, రెండంకెలంటే వంద రెట్లు. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.5 దాకా ఉంటుంది, సున్నపు తేటది 12.4. ఈ రెండిటి మధ్య హైడ్రోజన్ అయాన్ల గాఢతలో తేడా దాదాపు వెయ్యి కోట్ల రెట్లు. తమలపాకు మీద రెండూ పక్కపక్కనే పెట్టగలిగేంత మామూలు వస్తువుల మధ్య ఇంత దూరం ఉంది.

ఇక వంటింట్లోకి వద్దాం.

గోంగూర కడిగి మూకుట్లో వేస్తే ఆకు నిమిషాల్లో పచ్చదనం వదిలి గోధుమ ఛాయకు దిగుతుంది. అదే మూకుట్లో తోటకూర ఆకుపచ్చగానే మగ్గుతుంది. తేడా పులుపులో ఉంది. ఆకుపచ్చదనానికి కారణమైన పత్రహరితం నడిమధ్యన ఒక మెగ్నీషియం ఉంటుంది. వేడికి కణాలు చితికి, గోంగూర ఆకులోని ఆమ్లాలు బయటపడి, ఆ మెగ్నీషియాన్ని తప్పించి దాని చోట హైడ్రోజన్‌ను కూర్చోబెడతాయి. రంగు మసకబారుతుంది.

పప్పు మెత్తగా ఉడికాకే చింతపండు పులుసు పొయ్యాలని ప్రతి ఇంటా చెబుతారు. ముందే పోస్తే పప్పు ఉడకదు. గింజల కణాలను పట్టి ఉంచే పెక్టిన్ పులుపులో కరగకుండా మొండికేస్తుంది. క్షారం ఇందుకు సరిగ్గా ఎదురు. శనగలు నానబెట్టేటప్పుడు చిటికెడు వంటసోడా వేస్తే త్వరగా మెత్తబడతాయి. కాకపోతే ఆ సోడా గింజల్లోని బి1 విటమిన్‌ను పాడుచేస్తుంది. గ్యాస్ ఆదా అవుతుందని రోజూ సోడా వేసి ఉడికించడం మంచి అలవాటు కాదు. రాత్రంతా నానబెట్టుకుంటే సరిపోతుంది.

చింతపండులో ఉన్నది టార్టారిక్ ఆమ్లం. రాగి చెంబు మీద నల్లగా పేరుకునేది ఆక్సైడు, పచ్చగా పట్టేది చిలుము. చింతపండు రుద్దితే ఆ రెండూ కరిగి, కింద ఉన్న రాగి బయటపడుతుంది. తోమడానికి అంత బాగా పనికొచ్చే పులుపు అదే పాత్రలో వండితే ప్రమాదం, ఎందుకంటే కరిగిన రాగి పులుసులోకి దిగుతుంది. ఈ ప్రమాదానికి మందుగా పుట్టిందే కళాయి. వీధిలో కొలిమి పెట్టుకుని ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే మనిషిని నేటి పిల్లలు చూసి ఉండరు. ఆయన గిన్నెను కాల్చి, అందులో నవాసాగరం పొడి చల్లేవాడు. గుప్పున తెల్లటి పొగ లేచేది. నవాసాగరం అంటే అమ్మోనియం క్లోరైడు. వేడికి అది అమ్మోనియాగా, హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా విడిపోతుంది. ఆ ఆమ్లం ఇత్తడి మీది ఆక్సైడును తినేసి లోహాన్ని శుభ్రం చేస్తుంది. పైకి పోయిన అమ్మోనియా, ఆమ్లం చల్లబడి మళ్ళీ కలిసి నవాసాగరమే అవుతాయి, కనబడే తెల్లపొగ అదే. అప్పుడు తగరం ముక్క రాసి గుడ్డతోనో దూదితోనో తిప్పితే అద్దంలాంటి పూత పట్టేది. అరేనియస్ పేరు విననివాడు ఆమ్లాన్ని తనకు కావలసిన క్షణంలో, కావలసినంత మేర, గిన్నెలోనే పుట్టించుకున్నాడు. ఆ నైపుణ్యానికి తగిన గౌరవం మన సమాజం ఇవ్వలేదన్నది నిజం.

ఆవకాయను లోహపు గిన్నెల్లో కాకుండా జాడీల్లో పెట్టడానికీ కారణం పులుపు లోహాన్ని కరిగించడమే. అదే పులుపు పచ్చడిని కాపాడుతుంది కూడా. పీహెచ్ 4.6 కంటే తక్కువున్న చోట బోటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బును కలిగించే సూక్ష్మజీవి పెరగలేదు. మామిడికాయ పులుపు, దానికి తోడైన ఉప్పు, నూనె కలిసి ఏడాది పాటు ఆ కాపలా కాస్తాయి.

పులుపును గుర్తించని ఇంటి పనివాళ్ళు నష్టపోయే చోటు ఒకటుంది. తాండూరు బండలు, కడప బండలు సున్నపురాయి జాతివి, అంటే కాల్షియం కార్బొనేట్. మరకలు పోతాయని యాసిడ్ పోసి కడిగితే నురగ పొంగుతుంది. మురికి పోతోందనుకుంటారు, నిజానికి బండే కరిగి కార్బన్ డయాక్సైడుగా పొంగుతోంది. నున్నటి మెరుగు పోయిన బండకు మరక ఇంకా తొందరగా పడుతుంది.

ఆ సున్నపురాయినే బట్టీలో దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ వేడికి కాల్చితే కార్బన్ డయాక్సైడు వదిలి పొడిసున్నం అవుతుంది. దానికి నీళ్ళు తగిలితే బుసబుసమని పొంగి, ఆవిర్లు కక్కి తడిసున్నం అవుతుంది. గోడకు వేసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును నెమ్మదిగా పీల్చుకుని తిరిగి రాయిగా గట్టిపడుతుంది. 1591 నాటి చార్మినారు రాళ్ళను పట్టి ఉంచింది ఇలా గట్టిపడిన సున్నమే. సముద్ర తీరాల్లో గుల్లలను కాల్చి చేసే గుల్లసున్నం కూడా ఇదే పదార్థం.

సున్నంతో మరింత ఘాటైన క్షారాన్ని తయారుచేసే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. సూత్రస్థానం పదకొండో అధ్యాయమంతా క్షారాల తయారీ గురించే. మొక్కలను కాల్చిన బూడిదను నీళ్ళలో కలిపి వడకట్టాలి, అందులో కాల్చిన సున్నపురాయి, గుల్లలు వేసి మరిగించాలి, ఇనుప పాత్రలో దాచాలి. బూడిదలోని కార్బొనేటు సున్నంతో కలిసి కాస్టిక్ క్షారంగా మారుతుందని ఇప్పుడు చెప్పగలం. మృదువు, మధ్యమం, తీక్ష్ణం అని మూడు రకాలు చెప్పి, శస్త్రవైద్యంలో కురుపులను కాల్చడానికి వాడమన్నాడు సుశ్రుతుడు. క్షారం పని పూర్తయ్యాక ఆ చోట పుల్లటి పదార్థాలు రాసి మంట చల్లార్చాలని చెప్పి, పులుపు క్షారపు తీవ్రతను ఎలా అణుస్తుందో కూడా వివరించాడు. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ 1902లో మొదటి సంపుటం వెలువరించిన హిందూ రసాయనశాస్త్ర చరిత్రలో ఈ భాగాన్ని ప్రత్యేకంగా ఎత్తి చూపించారు.

పొలంలో ఇదే తగువు వేరే రూపంలో ఉంటుంది. చౌడు నేలల్లో పాల చౌడు, కారు చౌడు అని రైతులు రెండుగా చెబుతారు. పాల చౌడులో ఉప్పు తెల్లగా పేలుతుంది. మంచినీరు కట్టి, కిందికి ఇంకించి, మురుగు కాలువల గుండా బయటికి పంపితే చాలావరకు దారికొస్తుంది. కారు చౌడు మొండిది. దాని పీహెచ్ 8.5 దాటి ఉంటుంది. సోడియం మట్టి రేణువులను పట్టుకుని విడదీసేస్తుంది, సందులు మూసుకుపోతాయి, నీరు ఇంకదు, వేరు ఊపిరాడక చస్తుంది. క్షారం కాబట్టి ఆమ్లం పోస్తే సరి అనుకోవడానికి ఎకరాల కొద్దీ నేల సీసాలో ద్రావణం కాదు. వ్యవసాయ శాస్త్రజ్ఞులు సూచించేది జిప్సం. అందులోని కాల్షియం సోడియాన్ని మట్టి రేణువుల మీద నుంచి తోసేస్తుంది, విడిపడ్డ సోడియం సల్ఫేటుగా మారి నీళ్ళతో కొట్టుకుపోతుంది. తర్వాత జీలుగ వేసి పూతకు రాగానే కలియదున్నితే, అది కుళ్ళేటప్పుడు పుట్టే ఆమ్లాలు మిగతా పని చేస్తాయి. మురుగు పోయే దారి చూడకుండా జిప్సం ఒక్కటే చల్లితే డబ్బు దండగ. కేరళలోనూ ఈశాన్య రాష్ట్రాల్లోనూ బాధ తలకిందులు, అక్కడ నేలలు పుల్లనివి, వాటికి సున్నం వేస్తారు.

ఒంటి సంగతి క్లుప్తంగా. కడుపులోని రసం పీహెచ్ 1.5 నుంచి 2 దాకా దిగుతుంది. అందులో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లమేనని 1824లో విలియం ప్రౌట్ అనే ఇంగ్లీషు వైద్యుడు తేల్చాడు. రక్తం మాత్రం 7.35, 7.45 అంకెల మధ్య ఇరుకు సందులోనే నడవాలి. ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడును బయటికి పంపుతూ, మూత్రపిండాలు ఆమ్లాన్ని వడకడుతూ, రక్తంలోని బైకార్బొనేటు ఎప్పటికప్పుడు సర్దుబాటు చేస్తూ ఆ గీత దాటనివ్వవు. రక్తాన్ని క్షారమయం చేస్తుందంటూ వేల రూపాయల యంత్రాలతో అమ్ముతున్న ఆల్కలైన్ నీళ్ళు ఆ అంకెను కదపలేవు. కడుపులోకి దిగగానే అక్కడి ఆమ్లమే వాటి పని పడుతుంది.

ఇప్పుడు ఆ వేడి సంగతి. ఆమ్లానికి క్షారం విరుగుడు, క్షారానికి ఆమ్లం విరుగుడు అన్న మాట గిన్నెలో నిజం, పొలంలో కొంత నిజం. మనిషి చర్మం మీద, మరీ ముఖ్యంగా కంటి మీద ఆ మాట పట్టుకుని వైద్యం మొదలుపెట్టకూడదు. సున్నం పడ్డ కంట్లో నిమ్మరసమో మజ్జిగో పోస్తే, కలయికలో పుట్టే వేడి ఒకటి, కొత్తగా చేరిన ఆమ్లం చేసే గాయం ఇంకొకటి. ఈలోగా పోయిన నిమిషాలు అన్నిటికంటే నష్టం. సుశ్రుతుడు చెప్పింది శిక్షణ పొందిన శస్త్రవైద్యుడు ఒక కురుపు మీద కొలిచి రాసిన క్షారం గురించి. పిల్లవాడి కంట్లో చిమ్మిన సున్నం గురించి కాదు.

సున్నం మెత్తగా, తెల్లగా, ఇంట్లో నిత్యం ఉండే వస్తువు కాబట్టి దాన్నెవరూ యాసిడ్‌లా చూడరు. కంటి విషయంలో క్షారమే ఎక్కువ ప్రమాదకారి. ఆమ్లం తగిలినచోట కంటి పైపొరల్లోని ప్రోటీన్లు గడ్డకట్టి, కొంతవరకైనా అడ్డుగోడ కడతాయి. క్షారం కణాల పొరల్లోని కొవ్వును సబ్బుగా మార్చి, కరిగించుకుంటూ లోపలికి పోతుంది. తాంబూలంలోకి, పొగాకులోకి అమ్మే సున్నం ప్యాకెట్లు, ట్యూబులు పిల్లలు ఆడుతూ నొక్కితే చివాలున ముఖం మీదికి చిమ్ముతాయి. పిల్లల కళ్ళకు రసాయనాల వల్ల కలిగే గాయాల్లో ఈ సున్నానిది ముఖ్యమైన వాటా అని హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు తమ పరిశోధన వ్యాసాల్లో నమోదు చేశారు.

అందుచేత తల్లిదండ్రులకూ, తాతలకూ, అమ్మమ్మలకూ మనవి. సున్నం డబ్బీని, ప్యాకెట్టును మందుల పెట్టెతో సమానంగా చూసి పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. యాసిడ్‌ను తాగే సీసాల్లో పోసి ఉంచకండి. బాత్‌రూము కడిగే యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును ఎన్నడూ కలపకండి, కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది. ఒంటి మీద పొడిసున్నం పడితే ముందు దులిపి, తర్వాత నీళ్ళతో కడగండి. కంట్లో సున్నం గానీ యాసిడ్ గానీ పడితే ఏ విరుగుడూ వెతకకుండా, రెప్పలు తెరిచి పట్టుకుని, దగ్గర్లో ఉన్న శుభ్రమైన నీళ్ళతో అరగంట పాటు ఆపకుండా కడగండి. ఆ తర్వాత క్షణం ఆలస్యం చేయకుండా కంటి వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళండి.